ఇంటి బ్లీచ్ సీసా: దేనికి వాడవచ్చు, దేనికి దూరంగా ఉంచాలి

కిరాణా కొట్లలో అర లీటరు, లీటరు సీసాల్లో అమ్మే ద్రవ బ్లీచ్‌ను మా ఇంట్లో కొన్నేళ్ళుగా వాడుతున్నాము. సీసా మీద పేరు ఏదైనా లోపల ఉండేది సాధారణంగా 4 నుంచి 6 శాతం సోడియం హైపోక్లోరైట్ కలిసిన నీరే కాబట్టి, ఏ ఒక్క కంపెనీనో ఎంచకుండా ఈ సరుకు మొత్తానికీ వర్తించేలా ఈ సమీక్ష రాస్తున్నాను. కొనేవారు మొదట తెలుసుకోవలసింది ఒకటుంది. బ్లీచ్ మురికిని వదిలించదు. రంగునిచ్చే అణువులను విరగ్గొడుతుంది, క్రిములను చంపుతుంది. జిడ్డు, మట్టి ఉన్నచోట పోస్తే దాని బలమంతా వాటి మీదే ఖర్చైపోతుంది. అందువల్ల బట్టనైనా నేలనైనా ముందు సబ్బుతో కడిగి, ఆ తర్వాతే దీనిని వాడాలి.

తెల్లని నూలు బట్టల విషయంలో ఈ సరుకుకు నిస్సంకోచంగా మంచి మార్కులు వేస్తాను. పంచెలు, బనియన్లు, తువ్వాళ్ళు, దిండు గలీబులను 5 లీటర్ల నీటిలో 60 మిల్లీలీటర్ల బ్లీచ్ కలిపి ఐదు నుంచి పది నిమిషాలు నానబెట్టి, రెండు మూడు నీళ్ళలో జాడిస్తే చాలు. పసుపు మరక మొదట ఎర్రబడుతుంది. అది క్షారానికి పసుపు చూపే గుణమే తప్ప మరక ముదిరిందని అర్థం కాదు, కాసేపటికి అదీ పోతుంది. అయితే రాత్రంతా నానబెడితే ఇంకా తెల్లబడుతుందన్న నమ్మకం మాత్రం బట్టకు చేటు. నూలులోని సెల్యులోజ్ కూడా క్రమంగా దెబ్బతిని, కొన్ని ఉతుకులకే గుడ్డ చివికిపోయి, వేలు తగిలినా చిరుగుతుంది.

పట్టు, ఉన్ని దగ్గరికి ఈ సీసాను అసలు రానివ్వకూడదు. ఈ రెండూ మాంసకృత్తులతో ఏర్పడిన నారలు కావడం వల్ల బ్లీచ్ వాటిని పసుపుపచ్చగా మార్చడంతో ఆగదు, కరిగించివేస్తుంది కూడా. గద్వాల చీర ఒంటి భాగం నూలే కదా అని ధైర్యం చేసేవారు అంచూ కొంగూ పట్టువని, వాటి జరీ సైతం నల్లబడుతుందని గుర్తుంచుకోవాలి. కలంకారీ వంటి సహజ రంగుల అద్దకానికీ, నీలిమందు వేసిన జీన్స్‌కూ దీని చుక్క పడితే ఆ మచ్చ శాశ్వతం. సాగే దారం కలిసిన లోదుస్తులు, లెగ్గింగులు పసుపెక్కి సాగుడు కోల్పోతాయి. రంగు బట్ట మీద వాడక తప్పనిసరైతే, లోపలి కుట్టు దగ్గర నీళ్ళు కలిపిన బ్లీచ్ ఒక్క చుక్క వేసి, నిమిషం ఆగి చూడాలి.

సీసా మీద ఎక్కడా కనిపించని మరో సంగతి మన బోరు నీళ్ళది. నీటిలో ఇనుము ఎక్కువగా ఉన్న ఊళ్ళలో బ్లీచ్ ఆ ఇనుమును తుప్పుగా మార్చి బట్టకు పట్టిస్తుంది; తెల్లబడవలసిన పంచె గోధుమరంగు మచ్చలతో బయటికి వస్తుంది. తుప్పు మరకల మీద బ్లీచ్ పోయడమూ ఇలాంటిదే, మరక ఇంకా గట్టిపడుతుంది. అటువంటి మరకకు నిమ్మరసం, ఉప్పు మేలు, కానీ బ్లీచ్ వాసన పూర్తిగా పోయేదాకా జాడించిన తర్వాతే.

ఇంటి నేలలలో గ్లేజు ఉన్న టైల్స్ దీనికి సరిగ్గా తగినవి. లీటరు నీటికి 20 మిల్లీలీటర్లు కలిపి తుడిచి, కొన్ని నిమిషాలు తడిగా ఉంచి కడిగితే స్నానాలగది గోడల మీది నల్లటి బూజు పోతుంది. టైల్స్ సందుల్లో రంగు సిమెంటు పెట్టించుకున్నవారికి మాత్రం ఆ రంగు వెలిసిపోవచ్చు. పాలరాయి, తాండూరు నాపరాయి, కడప రాయి మీద తరచూ వాడితే పాలిష్ మందగిస్తుంది. స్టీలు సింకులో నిలవ ఉంచితే సన్నని గుంటలు పడతాయి, అల్యూమినియం గిన్నె నల్లబడుతుంది, ఇత్తడి, రాగి కాంతి కోల్పోతాయి. చెక్కకు పట్టిన బూజు పైపైన తెల్లబడినా లోపల బతికే ఉంటుంది. పైగా చెక్క నీరు పీల్చి ఉబ్బుతుంది.

నాకు అన్నిటికన్నా ఆందోళన కలిగించేది బాత్రూముల్లో యాసిడ్ వాడే మన అలవాటు. యాసిడ్ గానీ, యాసిడ్ ఉన్న టాయిలెట్ క్లీనర్ గానీ, వెనిగర్ గానీ బ్లీచ్‌తో కలిస్తే క్లోరిన్ వాయువు పుట్టి ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. అమ్మోనియా ఉన్న గాజు తుడుపు ద్రవాలతో కలిసినా విషవాయువులే వస్తాయి. పనిచేసే మనిషికి ఈ మాట చెప్పి, రెండు సీసాలనూ వేర్వేరు అరల్లో పెట్టడం ఇంటివారి బాధ్యత. సీసాలపై ఈ హెచ్చరికను తెలుగులో పెద్ద అక్షరాలతో ముద్రించకపోవడం ఈ సరుకులో నాకు కనిపించే పెద్ద లోపం.

మొక్కల సంగతి కొన్ని అంకెలతోనే తెలుస్తుంది. తాగునీటిలో మిగిలి ఉండవలసిన క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు, 5 శాతం బ్లీచ్‌లో హైపోక్లోరైట్ లీటరుకు సుమారు 50,000 మిల్లీగ్రాములు. కుళాయి నీటికి బెదరని తులసి, బకెట్టులో మిగిలిన బ్లీచ్ నీళ్ళకు ఆకులు తెల్లబడి మాడిపోవడానికి కారణం ఇదే. క్లోరిన్ తొందరగానే విరిగిపోయినా, వెనుక మిగిలే ఉప్పు కుండీ మట్టిలో పేరుకుని వేళ్ళకు నీరు అందకుండా చేస్తుంది. పొరపాటున పడితే వెంటనే ధారాళంగా మంచినీళ్ళు పోసి అడుగు రంధ్రం గుండా పారనివ్వాలి. తోటపనిలో దీనికి తగిన చోటు ఒక్కటే: తెగులు పట్టిన మొక్క తీసేసిన ఖాళీ కుండీని శుభ్రంగా కడిగి, ఒక వంతు బ్లీచ్‌కు తొమ్మిది వంతుల నీరు కలిపి పది నిమిషాలు ముంచి, మళ్ళీ కడిగి ఆరబెట్టుకోవచ్చు.

వాకిట్లో పాకుడుకూ, మురుగు కాలువల పక్కన చల్లడానికీ బ్లీచింగ్ పౌడరే చౌక. అయితే అది సున్నపు తెట్టును మిగులుస్తుంది కాబట్టి బట్టలకు ద్రవ బ్లీచే మెరుగు. ఎండకు, వేడికి ద్రవ బ్లీచ్ బలం తగ్గిపోతుంది గనుక మన వేసవిలో అయిదు లీటర్ల డబ్బా చవకగా వస్తోందని కొనడం దండగ. తయారీ తేదీ చూసి, వెలుతురు చొరని సీసాలో ఉన్న అర లీటరు కొని, నీడన పెట్టి, రెండు మూడు నెలల్లో వాడేయండి.