ఎన్‌కేఎక్స్3.1 యాంటీబాడీ: స్టెయినింగ్‌కి బాగుంది, బ్లాట్‌కి ఓపిక కావాలి

ప్రోస్టేట్ కణాలతో పనిచేసేవాళ్లకి ఈ యాంటీబాడీ (ఎన్‌కేఎక్స్3.1 అనే ప్రోటీన్‌కి అతుక్కుని దాన్ని చూపించే పదార్థం) గురించి ధైర్యంగా చెప్పొచ్చు. ఎన్‌కేఎక్స్3.1 ప్రోటీన్ జన్యువు 8వ క్రోమోజోమ్ పొట్టి భుజం మీద ఉంటుంది, ఆండ్రోజెన్ రిసెప్టర్ (మగ హార్మోన్‌ని అందుకునే ప్రోటీన్) అదుపులో నడుస్తుంది, లూమినల్ కణాలు (గ్రంథి లోపలి పొర కణాలు) తమ గుణం నిలుపుకునేలా చూస్తూ అతిగా పెరగకుండా ఆపుతుంది, ప్రోస్టేట్ క్యాన్సర్‌లో తరచూ ముందుగా తగ్గేది కూడా ఇదే. అందుకే దీన్ని చూపించే యాంటీబాడీ నమ్మకంగా ఉండాలి.

ఈ ప్రోటీన్ ఉండే ఎల్ఎన్‌క్యాప్ అనే ప్రోస్టేట్ క్యాన్సర్ కణాల్లో కేంద్రకం మాత్రమే మెరిసింది, సైటోప్లాజమ్ శుభ్రంగా ఉంది. పీసీ-3 అనే మరో రకం ప్రోస్టేట్ క్యాన్సర్ కణాల్లో ఏమీ రాలేదు, వాటిలో ఈ ప్రోటీన్ ఉండదు కాబట్టి రాకూడదు కూడా. కణజాలం మీద, బేసల్ (బయటి పొర) కణాలను గుర్తించే పీ63 యాంటీబాడీతో కలిపి వేస్తే బేసల్ పొర, లూమినల్ పొర విడివిడిగా కనిపించాయి, అది చూసి నిజంగా సంతోషమేసింది!

వెస్టర్న్ బ్లాట్‌లో (ప్రోటీన్లను సైజు ప్రకారం విడదీసి బ్యాండ్లుగా చూసే పద్ధతి) మాత్రం కంపెనీ చెప్పిన డైల్యూషన్‌కి బ్యాక్‌గ్రౌండ్ అంతా నల్లగా వచ్చింది, ఇంకా పలచన చేస్తేగానీ బ్యాండ్ తేలలేదు, అడిగితే సపోర్ట్ వాళ్లు అదే సూచనల కాగితం మళ్లీ పంపారు. ఇంత ఖరీదు పెట్టించుకుని ఇలా చేయడం బాలేదు. కొంటే ముందు చిన్న వయల్ తీసుకోండి, హార్మోన్ లేకపోతే ఈ ప్రోటీన్ తగ్గాలి కాబట్టి, హార్మోన్లు తీసేసిన సీరమ్‌లో ఎల్ఎన్‌క్యాప్ పెంచి సిగ్నల్ తగ్గుతుందో లేదో చూసుకోండి.