రాయెక్కిన ఓడ: వెనక్కి లాగాలా, అక్కడే ఆగాలా, జనాన్ని దించేయాలా? ఏది మేలు?

మన మాటల్లో 'గట్టెక్కాం' అంటే గండం గడిచిందని అర్థం. ఓడకు మాత్రం గట్టెక్కడమే గండం. చీకట్లోనో, పొగమంచులోనో అడుగు రాయికి తగిలి ఓడ ఆగిపోయాక కెప్టెన్ ముందు మూడు దారులుంటాయి. ఇంజన్లు వెనక్కి తిప్పి ఓడను బయటికి లాగడం, రాయి మీదే కూర్చోబెట్టి సాయం కోసం చూడటం, లేదా ఓడ సంగతి తర్వాత చూసుకుందామని ముందు జనాన్ని దించేయడం. ఇరవయ్యో శతాబ్దం తొలి ఇరవై ఏళ్లలో ఈ మూడు దారులూ పట్టిన ఓడలున్నాయి. వాటిని పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తోచింది చెప్తాను.

మొదటి దారి: వెనక్కి లాగడం. ఎవరికైనా ముందు తట్టేది ఇదే. 1904 జూన్ 28 ఉదయం డెన్మార్క్ ఓడ నోర్గే న్యూయార్క్ వెళ్తూ స్కాట్లాండ్‌కు పశ్చిమాన, నడిసముద్రంలోని రాకాల్ అనే రాతిదిబ్బ దగ్గర నీటి అడుగు రాళ్ల మీదికెక్కింది. అందులో 795 మంది ఉన్నారు. ఎక్కువమంది నార్వే, స్వీడన్, రష్యా లాంటి చోట్ల నుంచి బతుకుదెరువుకని అమెరికా బయల్దేరిన కుటుంబాలు. కెప్టెన్ గుండెల్ ఇంజన్లు వెనక్కి తిప్పమన్నాడు. ఓడ కదిలింది, రాయి వదిలింది. అంతవరకూ ఓడ అడుగున పడిన చిల్లుకు ఆ రాయే బిరడా. అది ఊడిపోగానే నీళ్లు లోపలికి విరగబడ్డాయి. కత్తి దిగినవాడి ఒంట్లోంచి ఆ కత్తిని అక్కడికక్కడే పీకొద్దని డాక్టర్లు చెప్పేది ఇందుకే. ఇంచుమించు 12 నిమిషాల్లో నోర్గే మునిగిపోయింది. పడవలు ఎనిమిదే, వాటిలో పట్టేది 250 మందే. దించుతుండగానే కొన్ని తిరగబడ్డాయి. 635 మంది పోయారు. మిగిలిన 160 మందిలో కొందరు ఎనిమిది రోజులు తెరిచిన పడవల్లో సముద్రం మీదే ఉన్నారు.

ఆ కెప్టెన్ నిలబడి ఆలోచించే టైమ్ తీసుకోలేదు. ఓడలోకి నీళ్లు ఎంత వేగంగా వస్తున్నాయో కొలిచి చూసుంటే, కనీసం పడవలు దించేదాకా ఆ రాయినే ఆసరాగా వాడుకుని ఉండేవాడేమో. అంతమందికి పడవలు చాలేవి కావు, నిజమే. కానీ 12 నిమిషాలకు బదులు రెండు గంటలు దొరికినా ఎంత తేడా!

ఇసుకలో దిగబడిన ఓడ లెక్క వేరు. 2020 అక్టోబర్‌లో వాయుగుండం తోసుకొచ్చి విశాఖ తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డుకు చేర్చిన బంగ్లాదేశ్ సరుకు ఓడ ఎంవీ మా చాలామందికి గుర్తుండే ఉంటుంది. దాన్ని చూడ్డానికి వచ్చిన ప్రతివాడూ "తాడు కట్టి లాగేయొచ్చుగా" అన్నవాడే. అందులోని సిబ్బంది క్షేమంగా బయటపడ్డారు. మెత్తటి నేల మీద కూర్చున్న ఓడను పోటు వచ్చినప్పుడు లాగొచ్చేమో చూడొచ్చు. రాయి మీద ఉన్నదాన్ని మాత్రం, అడుగున ఏముందో తెలియకుండా లాగడం ప్రాణాలతో జూదం.

రెండో దారి: కదలకుండా ఉండటం. దీనికి పెద్ద ఉదాహరణ ప్రిన్సెస్ సోఫియా. 1918 అక్టోబర్ 23 రాత్రి అలాస్కాలోని స్కాగ్‌వే నుంచి బయల్దేరి, మంచు తుఫానులో లిన్ కెనాల్ అనే సన్నటి సముద్రపాయలోని వాండర్‌బిల్ట్ రీఫ్ అనే నీటి అడుగు రాళ్లగుట్ట ఎక్కింది. తెల్లవారేసరికి చుట్టూ సాయం ఓడలు చేరడం మొదలైంది. నోర్గేకు లేని వైర్‌లెస్ దీనికుంది కాబట్టే అది సాధ్యమైంది. ఓడ రాయి మీద గట్టిగా కూర్చుంది. అలలేమో రీఫ్ మీద విరుచుకుపడుతున్నాయి. ఇలాంటప్పుడు పడవలు దించితే రాళ్లకు కొట్టుకుంటాయని కెప్టెన్ లాక్ ఆగుదామన్నాడు.

ఆయన్ని తప్పుపట్టేముందు ఇంకో ఓడ కథ తెలియాలి. 1906 జనవరి 22న వాలెన్సియా అనే స్టీమర్ శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఉత్తరానికి వస్తూ దారి తప్పి వాంకోవర్ దీవి రాళ్లకు తగిలింది. మొదట తగిలిన రాయి నుంచి ఓడ విడిపోయింది. నీళ్లు పోటెత్తడం చూసి, మునగకుండా దాని కెప్టెన్ మళ్లీ ఒడ్డువైపే తోలాడు. కూతవేటు దూరంలో నేల కనిపిస్తోంది. ఆ కంగారులో, చీకట్లో, ఆజ్ఞ లేకుండానే జనం పడవల్లోకి ఎగబడ్డారు. ఒక్కో పడవా దించుతుండగానో, అలల్లో పడ్డాకో బోల్తా కొట్టింది. ఓడలో మిగిలినవాళ్లు విరుగుతున్న చెక్కల మీద, తాళ్లు పట్టుకుని ఒకటిన్నర రోజు వేలాడారు. సాయానికొచ్చిన ఓడలు దూరంగా కనిపించాయి గానీ దగ్గరకు రాలేకపోయాయి. చివర్లో తెప్పలు దించి రమ్మంటే, ఆ ఓడలే వచ్చి తీసుకెళ్తాయన్న ఆశతో ఆడవాళ్లు దిగలేదు. బతికింది 37 మంది, అందరూ మగవాళ్లే. ఒక్క స్త్రీ, ఒక్క బిడ్డ మిగల్లేదు.

ఆ పసిఫిక్ తీరంలో ఓడ నడిపే ఏ కెప్టెన్‌కైనా ఈ దుర్ఘటన తెలియకుండా ఉండదు. తొందరపడి పడవలు దించకూడదన్న లాక్ భయానికి ఆధారం ఉంది. ఇంకోపక్క 1910లో సోఫియా కంపెనీదే మరో ఓడ ప్రిన్సెస్ మే అదే లిన్ కెనాల్లో, సెంటినెల్ దీవి దగ్గర ముక్కు పైకెత్తి రాయెక్కింది. అందరూ క్షేమంగా దీవి మీదికి దిగారు, నెల రోజుల్లో ఓడనూ నీళ్లలోకి దింపారు. కాబట్టి ఆగితే అంతా సర్దుకుంటుందని అనుకోవడానికీ ఆధారం ఉంది. కానీ మే ఓడ జనం ముందే దిగిపోయారన్నది మరిచిపోకూడదు.

సోఫియా దాదాపు 40 గంటలు రాయి మీద ఉంది. 25వ తేదీ మధ్యాహ్నానికి గాలి ముదిరింది. సాయం ఓడలే ప్రాణాలు కాపాడుకోవడానికి మరుగుకు వెళ్లిపోయాయి. చీకటిపడే వేళ గాలి, అలలు కలిసి ఓడ వెనకభాగాన్ని లేపి తిప్పేశాయి. రాయి మీద గీసుకుంటూ జారడంతో అడుగు చీలిపోయింది. దాదాపు 350 మందిలో ఒక్కరూ మిగల్లేదు, ఒడ్డు చేరింది ఒక కుక్క. నీళ్లలో పడ్డవాళ్లలో చాలామందికి ఊపిరాడకుండా చేసింది ఓడలోంచి కారిన ఇంధనం నూనె. పొద్దున్న వచ్చి చూస్తే నీటిపైన తెరచాప కొయ్య ఒక్కటే.

మూడో దారి: దించేయడం. 1907 మార్చి 17 రాత్రి వైట్ స్టార్ లైన్ ఓడ సూవిక్ ఆస్ట్రేలియా నుంచి గడ్డకట్టించిన మాంసంతో, ప్రయాణికులతో వస్తూ ఇంగ్లండ్ దక్షిణ కొసన లిజార్డ్ దగ్గర మాన్‌హీర్ రాళ్ల మీదికి పూర్తి వేగంతో ఎక్కింది. లిజార్డ్ దీపస్తంభం ఇంకా చాలా దూరం అనుకున్నారు, నీటి లోతు కొలిచి చూడలేదు. ఒక నిజం దాచకుండా చెప్పాలి. కెప్టెన్ జోన్స్ కూడా మొదట వెనక్కి తిప్పాడు. రాయి వదల్లేదు. నోర్గేకు, దీనికి అక్కడే అదృష్టం వేరయింది. అయితే ఆ తర్వాత ఆయన ఓడ కోసం పాకులాడలేదు. ముందు పిల్లలూ తల్లులూ, తర్వాత మిగతావాళ్లు అన్నాడు.

అసలు పని చేసింది లిజార్డ్, కాజ్‌విత్, కవరాక్, పోర్త్‌లెవెన్ ఊళ్ల లైఫ్‌బోట్లు, అంటే ఆపదలో ఉన్న ఓడల జనాన్ని కాపాడటానికి ఒడ్డున ఉంచే పడవలు. ఇంజన్లు లేవు, తెడ్లే. గాలివానలో, పొగమంచులో, ఆ రాళ్ల సందులు చిన్నప్పటి నుంచి తెలిసిన జాలర్లు 60 మంది 16 గంటలు తెడ్లు వేశారు. ఓడ పక్కన పడవ నిలవదు. అల లేపినప్పుడు పైకి, దిగినప్పుడు కిందకి. ఆ క్షణం చూసి బిడ్డను చేతికందించాలి. అలా అందుకున్న చంకబిడ్డలే 70 మంది. మొత్తం 456 మంది, ఒక్క ప్రాణం పోలేదు. కాజ్‌విత్ పడవ ఒక్కటే 227 మందిని చేర్చింది.

ఇంతకీ ఏది మేలు? రాయి మీద వెనక్కి లాగడం అన్నిటికంటే చెడ్డ ఆలోచన, ఇందులో నాకు సందేహం లేదు. మిగతా రెంటిలో దించేయడమే మేలు, కానీ ఒక షరతు: ఆ నీళ్లు తెలిసినవాడి చేతిలో పడవ ఉండాలి. అది లేకనే వాలెన్సియా వాళ్లు పోయారు. అలాంటివాళ్లు లేకపోతే ఓడలోనే ఉండటం తప్పదు. అప్పుడు కూడా ఓడ నిలుస్తుందని నమ్మి కాదు, పోటు మారేలోపు, గాలి తిరిగేలోపు చిన్న సందు దొరికితే చాలు, పిల్లల్నైనా దించడానికి సిద్ధంగా ఉండాలి. సోఫియా 40 గంటల్లో అలాంటి సందు దొరికిందా లేదా అన్న తగువు మృతుల కుటుంబాలు కోర్టుల్లో ఏళ్ల తరబడి నడిపాయి.

జనమంతా దిగాక సూవిక్‌ను ఏం చేశారంటే, రాయిలో ఇరుక్కున్న ముక్కును డైనమైట్‌తో తెగ్గొట్టారు. బాయిలర్లు, ఇంజన్లు ఉన్న వెనకభాగం తన ఆవిరితోనే, వెనక్కి నడుస్తూ సౌతాంప్టన్ చేరింది. బెల్‌ఫాస్ట్‌లో 212 అడుగుల కొత్త ముందుభాగం కట్టి, సముద్రం మీద లాక్కొచ్చి అతికించారు. 1908లో ఆ ఓడ మళ్లీ ఆస్ట్రేలియా దారి పట్టింది.