సబ్బుకి కొబ్బరి నూనె మంచిదా, ఆలివ్ నూనె మంచిదా?

ఇంట్లో సబ్బు చేయాలనుకునేవాళ్లు ముందు తేల్చుకోవాల్సింది ఇదే. కొబ్బరి నూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లమే, అందుకే సబ్బు రాయిలా గట్టిపడుతుంది, నీళ్లు తగలగానే పెద్ద పెద్ద బుడగలతో నురగ పొంగుతుంది, ఉప్పునీళ్లలో కూడా. కానీ అచ్చంగా దానితోనే చేస్తే జిడ్డుతో పాటు చర్మంలోని తేమ కూడా పోయి, స్నానమయ్యాక ఒళ్లంతా లాగుతూ ఉంటుంది. నూనెను సబ్బుగా మార్చే కాస్టిక్ సోడాను తగ్గించి, 20 శాతం దాకా నూనె సబ్బుగా మారకుండా మిగిలేలా లెక్క వేసుకుంటేనే హాయిగా వాడగలం. ఆలివ్‌లో ఎక్కువగా ఉండేది ఓలిక్ ఆమ్లం. దాని సబ్బు చర్మానికి చాలా మృదువుగా ఉంటుంది, నురగ మాత్రం సన్నగా, కాస్త జిగురుగా వస్తుంది, బాగా ఆరి గట్టిపడటానికి నెలలు పడుతుంది. పొడి చర్మమైతే నా ఓటు దీనికే.

ఒకదాని బదులు ఇంకోటి పోసేముందు మాత్రం ఆగండి: 100 గ్రాముల కొబ్బరి నూనెకి సుమారు 18 గ్రాముల కాస్టిక్ సోడా పడుతుంది, ఆలివ్‌కి 13.5 చాలు. కొబ్బరి నూనె లెక్కతో ఆలివ్ సబ్బు చేస్తే మిగిలిపోయిన సోడా చర్మాన్ని కాల్చేస్తుంది. రెండూ కలిపేటట్టయితే కొబ్బరి నూనెను మూడో వంతు దాటనివ్వకండి, నురగా వస్తుంది, చర్మమూ లాగదు, కాకపోతే సోడా లెక్క ఏ నూనెకి ఆ నూనెకి విడిగా వేసి కూడాలి.