అనేక్ తెలుగు ఫాంట్: వెడల్పులు ఐదు, తిప్పలన్నీ నిలువునా

కొత్త ఫాంట్ దించుకోగానే చాలామంది టైప్ చేసి చూసేది అ ఆ ఇ ఈ, లేదంటే తమ పేరు. అ ఆ ఇ ఈల్లో ఒక్క ఒత్తూ ఉండదు, ఒక్క గుడీ ఉండదు. అలా చూస్తే ఏ తెలుగు ఫాంటైనా ముద్దుగానే కనిపిస్తుంది. అసలు రంగు బయటపడేది ‘స్త్రీ’, ‘రాష్ట్రం’, ‘జ్యోత్స్న’, ‘ప్రైవేట్’ లాంటి మాటల దగ్గర. గ్రాఫిక్ డిజైన్ కోర్సులో తెలుగు ప్రాజెక్టు చేతికొచ్చినవాళ్లకు అనేక్ తెలుగు ఎంతవరకు పనికొస్తుంది, ఎక్కడ వదిలేయాలి అన్నది కూడా ఈ మాటలు పెట్టి చూస్తేనే తేలుతుంది.

ముందు సరుకు సంగతి. ముంబయిలోని ఏక్ టైప్ బృందం చేసిన ఫాంట్ కుటుంబం ఇది. 2022లో గూగుల్ ఫాంట్స్‌లోకి వచ్చింది. తొమ్మిది భారతీయ లిపులు, వాటితో పాటు ఇంగ్లిష్ అక్షరాలు, మొత్తం పది లిపుల్లో ఒకే పోకడగా గీశారు. తెలుగులో 8 మందాలు, 5 వెడల్పులు, కలిపి 40 స్టైళ్లు. మందం 100 నుంచి 800 దాకా, వెడల్పు 75 నుంచి 125 దాకా జరుపుకోవచ్చు. పైసా ఖర్చు లేదు. ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కాబట్టి అమ్మే ప్యాకెట్ మీదైనా, క్లయింటు లోగోలోనైనా ఎవరినీ అడగకుండా వాడుకోవచ్చు. ఫాంట్ ఫైలును విడిగా అమ్ముకోవడం మాత్రం కుదరదు. ఇటాలిక్ లేదు. తెలుగుకు అది లోటేమీ కాదు.

జిప్ విప్పితే పైన వేరియబుల్ ఫాంట్ (మందం, వెడల్పు జరుపుకోవడానికి వీలున్న ఒకే ఫైలు) ఒకటి, స్టాటిక్ ఫోల్డర్‌లో విడి ఫైళ్లు ఉంటాయి. రెండూ కలిపి ఎక్కించొద్దు. మెనూలో ఒకే పేరు రెండుసార్లు కనిపిస్తుంది, ఫైలు వేరే కంప్యూటర్లో తెరిస్తే ఏది పట్టుకుంటుందో చెప్పలేం. అడోబీ ప్రోగ్రాముల కొత్త వెర్షన్లు ఉంటే వేరియబుల్ ఒక్కటి చాలు. ల్యాబ్‌లో పాత వెర్షన్ ఉన్నా, ఫైలు బయటి ప్రెస్సుకు వెళ్లేదున్నా స్టాటిక్‌లో నాలుగు ఏరుకుని వాటితోనే పని కానివ్వండి: రెగ్యులర్, సెమీబోల్డ్, కండెన్స్‌డ్ (ఇరుకు) సెమీబోల్డ్, ఎక్స్‌పాండెడ్ (వెడల్పాటి) బోల్డ్. ఒక సెమిస్టర్ ప్రాజెక్టుకు అంతకు మించి అక్కర్లేదు.

ఈ ఫాంట్‌లో నిజంగా మెచ్చుకోవాల్సింది వెడల్పు. తెలుగు బోర్డుల్లో, ఫ్లెక్సీల్లో ఎక్కువగా కనిపించే తప్పు అక్షరాన్ని మూల పట్టుకుని లాగడం. పేరు పట్టకపోతే పక్కల నుంచి నొక్కేస్తారు. మన అక్షరాలు దాదాపు అన్నీ గుండ్రమే కాబట్టి, 75 శాతానికి నొక్కగానే రెండు పక్కలా గీత సన్నబడుతుంది, పైనా కిందా అలాగే ఉండిపోతుంది. ‘ర’ను నొక్కి పెద్దది చేసి చూడండి, రెండు వైపులా అరిగిపోయిన గాజులా కనిపిస్తుంది. అనేక్ కండెన్స్‌డ్‌లో ఆ వెడల్పుకు అక్షరం విడిగా గీసి ఉంది, గీత చుట్టూ సమంగా నిలుస్తుంది. టెక్స్ట్ బాక్స్‌ను లాగే అలవాటు మాన్పించడానికి విద్యార్థికి ఇంతకంటే మంచి మందు లేదు.

కండెన్స్‌డ్‌కు బాగా మందం కలిపితే మాత్రం చేటు. గుడికీ గుడిదీర్ఘానికీ తేడా ఒక చిన్న మెలిక. కండెన్స్‌డ్ ఎక్స్‌ట్రాబోల్డ్‌ను విజిటింగ్ కార్డు మీద 8 పాయింట్లలో పెడితే ఆ మెలిక పూడుకుపోతుంది. చిరునామాలో ‘వీధి’ కాస్తా ‘విధి’ అవుతుంది. ‘కథ’లో థ పొట్టలోని చుక్క అంచుకు అతుక్కుని ‘కధ’లా కనిపిస్తుంది, తప్పు డిజైనర్‌దైనా తిట్లు రాసినవాళ్లకు పడతాయి. 14 పాయింట్ల కన్నా చిన్న అక్షరానికి కండెన్స్‌డ్‌లో సెమీబోల్డ్ దాటకపోవడం మేలు. ముదురు రంగు మీద తెల్ల అక్షరం వేసేటప్పుడు ఇంకో మాట. కాగితం మీద సిరా కొద్దిగా పాకుతుంది, తెల్ల గీతను చుట్టూ తింటుంది. అందుకే నలుపు మీద రెగ్యులర్ అనుకున్నచోట మీడియం పెట్టాలి. థిన్, ఎక్స్‌ట్రాలైట్ రెండూ స్క్రీన్ మీద సొగసుగా ఉంటాయి, స్క్రీన్ ప్రింటింగ్‌లో మాత్రం గీత అక్కడక్కడా తెగిపోతుంది.

క్లాసులో తరచూ ఇచ్చే ప్యాకేజింగ్ పని, పచ్చడి సీసాల వరస, తీసుకుందాం. 60 మిల్లీమీటర్ల వెడల్పు, 90 మిల్లీమీటర్ల ఎత్తు లేబుల్. అందరూ ‘ఆవకాయ’తో మొదలుపెడతారు. ‘ఆవకాయ’ మోసం చేసే మాట: ఒత్తు లేదు, గుడి లేదు, నాలుగక్షరాలు ఒకే ఎత్తులో బుద్ధిగా కూర్చుంటాయి. ఎక్స్‌పాండెడ్ బోల్డ్‌లో వేస్తే లేబుల్ నిండుగా ఉంటుంది, కింద ‘నికర బరువు 500 గ్రా.’ అని వేయడానికి చోటూ మిగులుతుంది. తర్వాత ‘గోంగూర’ కూడా సాఫీగానే సాగుతుంది. మూడోది ‘పండుమిర్చి’. సున్నతో కలిపి ఐదక్షరాలు, ‘ర్చి’ పైన గుడి, కింద చవత్తు. ఎక్స్‌పాండెడ్‌లో పట్టదు, ఒత్తు కింది వరసను గుద్దుతుంది. నాలుగోది ‘వెల్లుల్లి ఆవకాయ’ అయితే రెండు వరసలు తప్పవు. అప్పుడు మొదటి రెండు లేబుళ్లూ చెరిపి మళ్లీ మొదలుపెట్టాలి. వరసలో అన్నిటికన్నా మొండి పేరు ఏదో ముందు దాన్ని పేర్చి, దానికి కుదిరిన వెడల్పే మిగతావాటికి ఖాయం చేస్తే ఈ తిరుగుడు తప్పుతుంది. అనేక్‌లో వెడల్పు 75 నుంచి 125 దాకా ఎక్కడైనా ఆపుకోవచ్చు కదా అని ఒక్కో లేబుల్‌కు ఒక్కో కొలత పెట్టేవాళ్లున్నారు. షెల్ఫ్‌లో పక్కపక్కన పెడితే నాలుగు కంపెనీల సీసాల్లా ఉంటాయి.

అదే వరసలో ఇంకో చిక్కు ఉంది. పేర్లను అవుట్‌లైన్ చేసి, అంటే అక్షరాలను బొమ్మల్లా గీతలుగా మార్చి, అలైన్ బటన్‌తో నిలువునా మధ్యకు తెస్తే, సాఫ్ట్‌వేర్ గుడి నుంచి ఒత్తు చివరి దాకా కొలుస్తుంది. దాంతో ‘ఆవకాయ’ ఒక ఎత్తులో, ‘పండుమిర్చి’ మరో ఎత్తులో నిలబడతాయి. మధ్యకు తేవడం మానేసి, అక్షరాల పాదం కింద ఒక గైడ్ గీత పెట్టి అన్ని పేర్లనూ దాని మీద కూర్చోబెట్టాలి. ఒత్తులు గీత కిందికి వేలాడనీయండి, కంటికి అదే సరిగ్గా ఉంటుంది.

ఇక వరసల మధ్య ఎడం. అడోబీ ప్రోగ్రాముల్లో ఆటో అని ఉంటే అక్షరం సైజుకు 120 శాతం తీసుకుంటుంది: 12 పాయింట్ల అక్షరానికి 14.4. ఇంగ్లిష్ అక్షరాలకు సరిపోయే లెక్క అది. తెలుగులో పై వరస ఒత్తులు, కింది వరస గుడులు అదే సందులో ఇరుక్కుంటాయి. అనేక్‌కైనా, మరే ఫాంట్‌కైనా ఆటోను వదిలేయాల్సిందే. చదివే మ్యాటర్ 11 పాయింట్లయితే 17 లేదా 18 పెట్టండి. 60 పాయింట్ల శీర్షికకు 78 నుంచి 84 మధ్య ఎక్కడో కుదురుతుంది. కచ్చితంగా తేల్చుకోవాలంటే పై వరసలో ‘రాష్ట్రం’, కింది వరసలో సరిగ్గా దాని కిందే ‘శ్రీ’ పెట్టి, రెండూ తాకని చోట ఆపాలి.

పోస్టర్‌లో అంత ఎడం ఇస్తే శీర్షిక వరసలు దేనికది విడిపోయినట్టుంటుందని టీచర్లు అంటారు. నిజమే. దానికి మందు ఎడంలో లేదు, మాట విరిచే చోట ఉంది. ‘రాష్ట్ర’ కింద ‘పండుగ’ పడితే సైజుకు 1.15 రెట్ల దాకా దించినా ఏదీ తగలదు, ఎందుకంటే కింది మాటకు పైకి లేచే గుడి లేదు. అదే చోట ‘వీధి’ పడితే గుద్దుకుంటుంది. వరసలు విరిచేటప్పుడు ఒత్తు కింద తలకట్టు అక్షరం వచ్చేలా జరుపుకోవడం పాత సైన్‌బోర్డు పెయింటర్లకు చేతిలో ఉన్న విద్య. కుంచెతో రాసేవాళ్లు ముందు సుద్దతో గీసుకునేది ఇందుకే.

‘ప్రైవేట్’ను పరీక్షలో ఎందుకు పెట్టానంటే, ‘ప్రై’లో కిందికి దిగేవి రెండు, రవత్తు ఒకటి, ఐత్వం తోక ఒకటి. ‘త్రైమాసిక’ కూడా ఇంతే. లావు మందాల్లో ఈ రెండూ ఒకదాని మీదొకటి ఎక్కుతాయేమో పెద్దది చేసి చూసుకోవాలి. ‘ప్రైవేట్ లిమిటెడ్’ అని ఉండే కంపెనీ లెటర్‌హెడ్లు బోలెడు కాబట్టి ఇది ఎప్పుడో వచ్చే అవసరం కాదు.

టైప్ చేయగానే ఒత్తులు ఏర్పడక ‘క్ ష’ అని విడివిడిగా పొల్లులతో కనిపిస్తే ఫాంట్‌ను తిట్టొద్దు. తప్పు సెట్టింగ్‌ది. ఇన్‌డిజైన్‌లో పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోవాలి. ఇలస్ట్రేటర్‌లో ప్రిఫరెన్సెస్‌లోని టైప్ విభాగంలో ఇండిక్ ఆప్షన్స్ చూపించమని టిక్ పెట్టి, ఆపైన పేరాగ్రాఫ్ ప్యానెల్‌లో సౌత్ ఏషియన్ కంపోజర్‌కు మార్చాలి. డబ్బులు లేనివాళ్లకు ఇంక్‌స్కేప్ ఉంది, దాంట్లో ఈ గొడవే లేదు. దీనికి తిరగబడ్డ సమస్య ‘బుక్‌స్టాల్’. మామూలుగా టైప్ చేస్తే ‘బుక్స్టాల్’ అయి, క కింద ఒత్తులు దొంతరగా పేరుకుంటాయి. పొల్లు తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనిపించని గుర్తు పెడితే విడిపోతుంది. ఇన్‌డిజైన్‌లో అది టైప్ మెనూలో, ఇన్సర్ట్ స్పెషల్ క్యారెక్టర్ కింద దొరుకుతుంది.

డీటీపీ సెంటర్ నుంచి వచ్చిన మ్యాటర్ సంగతి వేరు. అక్కడ ‘అను’ అనే ఫాంట్లలో కొట్టిన మ్యాటర్ యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకూ ఉమ్మడిగా ఉండే అక్షర సంకేతాలు) కాదు. తెచ్చి అనేక్‌లోకి మారిస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. కన్వర్టర్‌లో వేసి యూనికోడ్‌లోకి మార్చుకుని, అరసున్నలు, అరుదైన సంయుక్తాక్షరాలు చేత్తో సరిచూసుకోవాలి. ఎదురు దిక్కున కూడా ఇదే గోడ: పేజీలు పేర్చే పాత ప్రోగ్రాము పేజ్‌మేకర్‌కు యూనికోడ్ రాదు, కాబట్టి అక్కడికి అనేక్‌ను పంపి లాభం లేదు. పీడీఎఫ్ ఇవ్వండి, లేదా అక్షరాలను కర్వ్స్‌గా (ముందు చెప్పిన అవుట్‌లైన్లే) మార్చి ఇవ్వండి. ఇలస్ట్రేటర్‌లో కంట్రోల్ షిఫ్ట్ ఓ, కోరల్‌డ్రాలో కంట్రోల్ క్యూ. మార్చే ముందు ఎడిట్ చేయడానికి వీలైన కాపీ ఒకటి దాచుకోకపోతే, ఫోన్ నంబరు మారిందని చెప్పిన రోజు మొత్తం మళ్లీ పేర్చాలి.

కర్వ్స్‌గా మార్చాక ఒకసారి అవుట్‌లైన్ వ్యూలో చూడండి. వేరియబుల్ ఫాంట్లలో ఒక అక్షరాన్ని రెండు మూడు ముక్కలుగా గీసి ఒకదాని మీదొకటి పడేలా వదిలేయడం మామూలే. మన లిపిలో గుడి, ఒత్తు కూడా చాలాచోట్ల విడి ముక్కలే. రంగు నింపితే ఏమీ తెలియదు. అంచు గీత వేసినా, వినైల్ స్టిక్కర్ కోసం కటింగ్ ప్లాటర్‌కు పంపినా బయటపడుతుంది. కత్తి ఆ లోపలి గీతల వెంట కూడా కోసుకుంటూ పోతుంది, స్టిక్కర్ ఊడదీసేటప్పుడు ‘కి’ మీది గుడి విడిగా చేతికొస్తుంది. పాత్‌ఫైండర్‌లో యునైట్, కోరల్‌లో వెల్డ్ కొట్టి అన్నీ ఒకే ఆకారం చేశాకే పంపాలి. ‘థ’ లోపలి చుక్క మాత్రం విడిగానే ఉంటుంది, స్టిక్కర్ అతికించేటప్పుడు అది ట్రాన్స్‌ఫర్ టేపుకు అంటుకుందో లేదో చూసుకోండి.

ఇంగ్లిష్ కలిసే పనుల్లో, కాఫీ షాప్ మెనూ కార్డు, కాలేజీ ఫెస్ట్ పోస్టర్ లాంటి వాటిలో, అనేక్ శ్రమ తగ్గిస్తుంది. అంకెలు, ఇంగ్లిష్ అక్షరాలు ఒకే చేతి పనిలా కలుస్తాయి. ఇంగ్లిష్ మాటలన్నీ పెద్దక్షరాల్లో వేస్తే మాత్రం తెలుగు పక్కన అరిచినట్టుంటాయి. వాటిని ఓ 8 శాతం చిన్నవి చేస్తే సర్దుకుంటుంది.

కథల పుస్తకానికి, పదహారు పేజీల బుక్‌లెట్‌లో నడిచే మ్యాటర్‌కు ఇది వద్దు. గీత అంతటా ఒకే మందం కావడంతో పేజీ బూడిద రంగు ముద్దలా కనిపిస్తుంది, నాలుగో పేజీకి కన్ను జారిపోతుంది. అక్కడ టిరో తెలుగు, నోటో సెరిఫ్ తెలుగు మేలు. గీతలో లావూ సన్నమూ ఉన్నాయి, చదువుతుంటే పట్టు దొరుకుతుంది. పెళ్లి శుభలేఖకు అనేక్ పెడితే బ్యాంకు నోటీసులా ఉంటుంది. ఒక్క పెద్ద మాటతో నిలబడే పోస్టర్‌కు సిలికానాంధ్ర విడుదల చేసిన రామభద్రలోని గుండ్రటి లావుకు ఇది సాటి రాదు, కాకపోతే రామభద్రకు ఉన్నది ఒకే మందం. శీర్షిక దానితో వేసి, తేదీ, వేదిక వివరాలు అనేక్ సెమీబోల్డ్‌లో పెట్టిన ఏ3 పోస్టర్ బాగానే కుదురుతుంది. ప్రింటుకు పంపే ముందు ఆ చిన్న వివరాలన్నీ 100 శాతం నలుపు ఒక్క రంగులోనే ఉన్నాయో లేదో చూడండి. ఆర్‌జీబీలో (స్క్రీన్ కోసం వాడే రంగుల పద్ధతిలో) మిగిలిపోయిన నలుపు నాలుగు రంగులుగా విడిపోతుంది, ప్లేటు వెంట్రుకవాసి జరిగినా గుడిదీర్ఘాల చుట్టూ గులాబీ అంచు కనిపిస్తుంది.