రెండుసార్లు కాదన్నారు, అందుకే నాలుగు స్టార్లు

ఇది రాజమండ్రిలో మేం టీకాలు వేయించుకున్న మందుల షాపు గురించి. మా బామ్మర్దికి నైజీరియాలో ఉద్యోగం వచ్చింది. ఉండేది లాగోస్‌లోనే గానీ పని మీద ఉత్తరాన కానో దాకా తిరగాలట. వీసా, టికెట్టు, ఆవకాయ డబ్బా అన్నీ చూసుకున్నాం, టీకాల సంగతి మాత్రం ప్రయాణం మూడు వారాలు ఉందనగా గుర్తొచ్చింది. డాక్టర్‌గారు టైఫాయిడ్, హెపటైటిస్ ఎ, మెనింజైటిస్, ఎల్లో ఫీవర్ అని చీటీ రాసిచ్చారు.

ముందు మా ఊళ్లోనే ఒక మందుల షాపులో అడిగాం. (పేరెందుకులెండి, రోజూ మొహాలు చూసుకోవాలి.) అక్కడి కుర్రాడు మామూలు ఇంటి ఫ్రిజ్ తెరిచి, తలుపు అరలో కూల్‌డ్రింకు సీసా పక్కనున్న టైఫాయిడ్ టీకా తీసి పాలిథిన్ కవర్లో వేసిచ్చాడు. ఐస్ ఏదయ్యా అంటే "ఆయ్, చల్లగానే ఉందండి, పట్టుకు చూడండి" అన్నాడు. మే నెల ఎండ, పైగా రోజూ కరెంటు పోతోంది. నేను పాతికేళ్లుగా రొయ్యల చెరువుల మీద బతుకుతున్నవాణ్ణి, ఐస్ లేకపోతే ఏమవుతుందో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. రొయ్య పాడైతే వాసన చెబుతుంది, టీకా పాడైతే ఏం చెబుతుంది? కవరు అక్కడే పెట్టేసి వచ్చేశాం.

మర్నాడు రావులపాలెం వంతెన దాటి రాజమండ్రిలో ఈ షాపుకు వచ్చాం. కింద మందులు, పైన డాక్టర్‌గారి గది. లైసెన్సు, ఫార్మసిస్టు సర్టిఫికెట్టు గోడకున్నాయి, ఆ ఫార్మసిస్టు కూడా కౌంటర్లోనే ఉన్నారు, ఇది మామూలు సంగతేం కాదు. "టీకాలు ఇచ్చేయండి, మా ఊరి ఆర్‌ఎంపీతో వేయించుకుంటాం" అన్నాను. ఆయన ఇవ్వనన్నారు. ఈ ఎండలో బండి మీద రెండు గంటలు తిప్పితే తర్వాత దేనికీ నా పూచీ ఉండదు, పైన డాక్టర్‌గారు ఉన్నారు, ఇక్కడే వేయించుకోండి అన్నారు. ఐస్‌లో పాతేసి పట్టుకెళ్తాలెండి అంటే నవ్వి, అసలు సంగతి చెప్పారు. టీకాలు ఉండాల్సింది 2 నుంచి 8 డిగ్రీల మధ్య. వేడి తగిలితేనే కాదు, గడ్డకట్టినా కొన్ని పాడవుతాయట, హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాల్లాంటివి ఒకసారి గడ్డకడితే కరిగినా పనికిరావట. ఎంత చల్లగా ఉంటే అంత మంచిదనుకునే నాలాంటి రొయ్యలవాడికి ఇది కొత్త.

టెంపరేచర్ రిజిస్టర్ చూపిస్తారా అంటే మొహం మాడ్చుకోకుండా ఇచ్చారు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి అంకె, సంతకం. ఏప్రిల్లో ఒక వరసలో మాత్రం ఎర్ర సిరాతో 11 అని రాసి, పక్కన "వాడొద్దు, విడిగా పెట్టాం" అని ఉంది. అడిగితే ఆ రోజు కరెంటు పోయి ఇన్వర్టర్ కూడా మొరాయించిందన్నారు. నన్నడిగితే ఆ ఎర్ర సిరా చూశాకే నమ్మకం కుదిరింది. నెలంతా ఒకే పెన్నుతో 4, 4, 4 అని ఉంటే లేచి వచ్చేసేవాణ్ణి, ఎందుకంటే మా చెరువు రికార్డులు కూడా మా కుర్రాళ్లు నెలాఖర్న కూర్చుని అలాగే రాస్తారు.

రెండోసారి కాదన్నది ఎల్లో ఫీవర్‌కి. అది ప్రైవేటు షాపుల్లో దొరకదు, ప్రభుత్వం అనుమతిచ్చిన కేంద్రాల్లోనే వేస్తారు, విశాఖ పోర్టు హెల్త్ ఆఫీసుకు ఫోన్ చేసి రోజు కనుక్కుని వెళ్లండి అన్నారు. సూది వేశాక వాళ్లిచ్చే కార్డు 10 రోజుల తర్వాతే చెల్లుతుంది, 2016 నుంచి ఒక్క డోసుకి జీవితాంతం చెల్లుబాటు. ఆ కార్డు లేకుండా నైజీరియా నుంచి తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే ఆపి క్వారంటైన్‌లో పెడతారు. సూది లేకుండా కార్డు తెప్పిస్తానని ఒక ఏజెంటు మావాడికి అప్పటికే ఆశ పెట్టాడు, మా ఆవిడ ఆ ఏజెంటుకి ఫోన్లోనే గడ్డి పెట్టింది.

సూది దగ్గర కూడా వంక పెట్టడానికి లేదు. నర్సమ్మ డబ్బా మీద ఎక్స్‌పైరీ, బ్యాచ్ నంబరు చూపించి, సిరంజి ప్యాకెట్టు మా ముందే చింపి, వాడిన సూదికి మళ్లీ మూత పెట్టకుండా కట్టర్లో తుంచి తెల్ల డబ్బాలో పడేసింది. తర్వాత అరగంట కూర్చోవాలంది. మావాడు "టీ తాగొస్తా బావా" అని లేవబోతే, రియాక్షన్ వస్తే ఇవ్వడానికి ట్రేలో పెట్టిన ఇంజెక్షన్ చూపించి, టీ కొట్టులో ఇది ఉంటుందా అని కూర్చోబెట్టింది.

ఒక స్టారు ఎందుకు కోశానంటే, మెనింజైటిస్ టీకా స్టాకు లేదు. హజ్ వెళ్లేవాళ్లకు అది తప్పనిసరి, ఈ సీజన్లో వాళ్లకే అయిపోయిందట. సరే, ఆ ముక్క ఫోన్లో చెబితే రెండోసారి రావక్కర్లేదు కదా, ఫోనేమో ఎత్తరు. బ్యాచ్ నంబరు బిల్లు మీద వేశారు గానీ టీకా కార్డు మీద మేం అడిగితేనే రాశారు. ఇక మెట్లు నిటారుగా ఉన్నాయి, పట్టుకోవడానికి ఏమీ లేదు, హజ్‌కి వెళ్లే ఒక పెద్దాయన్ని ఇద్దరు పట్టుకుని ఎక్కించారు. హెపటైటిస్ ఎ రెండో డోసు ఆరు నెలలు దాటాక వేయాలి, మావాడు సంక్రాంతికి వచ్చినప్పుడు తీసుకొస్తాను, అప్పటికైనా ఆ మెట్లకి ఒక రెయిలింగు పెట్టించండి సార్.