ఎడమ చెయ్యి కోసం కొన్న నొటేషన్లు

స్ట్రైడ్ అనే పాత జాజ్ పియానో శైలి నేర్చుకుందామని ఒక పీడీఎఫ్ సెట్ కొని తొమ్మిది నెలలైంది. మొత్తం పద్నాలుగు పాటలు. 1920ల నుంచి 40ల దాకా వచ్చిన పాత రికార్డుల్లో ఎలా వాయించారో అలాగే, ఒక్క నోటు వదలకుండా విని రాసిన నొటేషన్లు. విదేశీ సైట్‌లో కొన్నాను, మన డబ్బుల్లో రెండు వేల ఎనిమిది వందలు పడింది. కొనేముందు దీని గురించి తెలుగులో ఎవరైనా రాశారేమోనని చాలా వెతికాను, దొరకలేదు. నాలాగా వెతికేవాళ్లు ఇంకొకరైనా ఉంటారని రాస్తున్నాను.

నేను మెట్టుగూడలో ఉంటాను, అమీర్‌పేటలో అకౌంట్స్ పని. చిన్నప్పుడు సికింద్రాబాద్‌లో ఒక టీచరమ్మ దగ్గర ట్రినిటీ సంగీత పరీక్షల్లో ఐదో గ్రేడ్ దాకా నేర్చుకున్నాను. తర్వాత పాతికేళ్లుగా ఆదివారాలు చర్చిలో కీబోర్డు వాయిస్తున్నాను. అంటే నొటేషన్ చదవడం వచ్చు. అది రానివాళ్లకి ఈ సెట్ పనికిరాదని ముందే చెప్పేస్తున్నాను.

స్ట్రైడ్‌లో కష్టమంతా ఎడమ చేతిదే. బార్‌కి, అంటే తాళంలో ఒక చుట్టుకి, నాలుగు బీట్లు. ఒకటో బీట్‌కీ మూడో బీట్‌కీ ఎడమ చెయ్యి బాగా కిందికి వెళ్లి బేస్ నోటు కొట్టాలి. రెండో బీట్‌కీ నాలుగో బీట్‌కీ పియానో మధ్యకొచ్చి కార్డ్, అంటే ఒకేసారి మోగే కొన్ని నోట్లు, వేయాలి. పాటంతా ఇలా అంగలు వేస్తూనే ఉండాలి, అందుకే ఆ పేరు. న్యూయార్క్‌లోని హార్లెంలో అద్దె డబ్బుల కోసం ఇళ్లలో పార్టీలు పెట్టుకునేవాళ్లు. డ్రమ్స్ లేకుండా, బేస్ లేకుండా ఒక్క పియానోతో గది మొత్తాన్ని ఆడించాలి. తాళమూ ఆధారమూ రెండూ ఆ ఎడమ చెయ్యే మోస్తుంది. కుడి చెయ్యి ఏం వాయిస్తోందో వినగా వినగా పట్టుకోగలిగాను గానీ, గరగరలాడే పాత రికార్డులో ఎడమ చేతి కార్డ్‌లో మధ్య నోటు ఏమిటో నా చెవికి ఎప్పుడూ అందలేదు. డబ్బు పెట్టింది దానికోసమే. ఆ విషయంలో సెట్ నన్ను నిరాశపరచలేదు. ఏ కార్డ్ ఏ వరసలో ఉంది, బేస్ ఒక్క నోటా లేక పై స్థాయిలో అదే నోటు కలిపిన ఆక్టేవా, పియానిస్టు ఎక్కడ దూకడం మానేసి పక్కపక్క నోట్ల మీద నడిచాడు, అన్నీ కళ్లముందు కనిపిస్తాయి.

మొదట పట్టుకున్నది స్ట్రైడ్ పియానిస్టు జేమ్స్ పి. జాన్సన్ ‘కెరొలైనా షౌట్’. ఈ పాట కథ తెలిశాక ఇంకా ఇష్టమైంది. అప్పట్లో తనంతట తానే వాయించుకునే పియానోలుండేవి. చిల్లులు పెట్టిన కాగితం చుట్ట తిరుగుతుంటే కీస్ వాటంతటవే దిగుతాయి. తర్వాత పెద్ద జాజ్ పియానిస్టులైన డ్యూక్ ఎలింగ్టన్, ఫ్యాట్స్ వాలర్ ఇద్దరూ కుర్రతనంలో ఈ పాట చుట్టను నెమ్మదిగా తిప్పుకుంటూ, దిగిన కీస్ మీద వేళ్లు పెట్టి నేర్చుకున్నవాళ్లే. జాజ్ అంటే అప్పటికప్పుడు అల్లుకోవాలి కదా, ఎవరో వాయించింది మక్కికి మక్కి దించుకోవడమేంటని చర్చిలో గిటార్ వాయించే తమ్ముడొకడు అడిగాడు. వాడికి ఈ కథే చెప్పాను. షౌట్ అంటే కేక కాదని కూడా చెప్పాను. దక్షిణాది రాష్ట్రాల ఆఫ్రికన్ అమెరికన్లు ఆరాధనలో గుండ్రంగా తిరుగుతూ, అడుగులు ఈడుస్తూ, చప్పట్లు కొడుతూ పాడే పద్ధతిది. ఆ అడుగులే ఈ పాటలో ఉన్నాయి. అది విన్నాక వాడే మొదటి పేజీ ఫొటో తీసుకుని వెళ్లాడు.

సెట్‌లో నన్ను బాగా ఇబ్బంది పెట్టిన లోపం ఇక్కడే బయటపడింది. పేజీ మీద పాట పేరుంది, జాన్సన్ పేరుంది. ఏ రికార్డింగ్ విని రాశారో లేదు. ‘కెరొలైనా షౌట్’ ఆయన చుట్టల మీదా చేశాడు, 1921 అక్టోబర్‌లో డిస్క్ మీదా చేశాడు. 1941లో వాలర్ కూడా రికార్డు చేశాడు. నేను నెట్‌లో దొరికిన చుట్ట ఆడియో పెట్టుకుని వారం రోజులు వాయించాను. రెండో భాగానికి వచ్చేసరికి కాగితం ఒక దారి, శబ్దం ఒక దారి. నా చెవిదే తప్పేమోనని ఆ వారమంతా ఒకటే టెన్షన్. చుట్టల్లో తర్వాత నోట్లు కలిపే వీలుంది, రెండు చేతులకి అందనివి కూడా పెట్టేవాళ్లు. చివరికి డిస్క్ విన్నాక మొదటి బార్ నుంచే సరిపోయింది. కంపెనీకి మెయిల్ రాస్తే నాలుగో రోజున పద్నాలుగు పాటలకీ ఏ డిస్క్, ఏ సంవత్సరం అని జాబితా పంపారు. అదేదో మొదటి పేజీలోనే ఉండాల్సింది.

ఆ పాట మొదటి భాగంలో ఎడమ చెయ్యి మామూలుగా నడవదు. కింద, పైన, కింద, పైన అని కాకుండా క్రమం తప్పుతుంది. నొటేషన్‌లో అన్ని నోట్లూ కరెక్ట్‌గానే ఉన్నాయి. కానీ ఎన్నిసార్లు చదివినా నాలుగో బార్‌కల్లా చేతులు చిక్కుపడిపోయేవి. మా పక్క ఫ్లాట్ పిన్నిగారు రాంకోఠీ త్యాగరాజ సంగీత కళాశాలలో వీణ నేర్చుకున్న మనిషి. ఒక సాయంత్రం కరివేపాకు ఇద్దామని వచ్చి, కుర్చీ లాక్కుని కాసేపు విన్నారు.

“నాలుగు నాలుగు అని ఎందుకు లెక్కపెడుతున్నావమ్మా? రెండు ముక్కలూ కలిపి ఎనిమిది కదా,” అని బల్ల మీద వేళ్లతో వేశారు. తకిట, తకిట, తక. తకిట, తకిట, తక.

మూడు, మూడు, రెండు. అంతే. రెండు బార్లలోని ఎనిమిది బీట్లని జాన్సన్ అలా విరిచాడు. పిన్నిగారు వేస్తుంటే నేను ఎడమ చెయ్యి ఒక్కటే వాయించాను. ఆ భాగంలో మొదటి ఎనిమిది బార్లు ఆ రోజే తొలిసారి ఆగకుండా వచ్చాయి. పిన్నిగారు పేజీ చేతిలోకి తీసుకుని, “స్వరం బాగానే రాశారు, గమకం ఏది?” అన్నారు. ఆ మాట ఈ సెట్ మొత్తానికి వర్తిస్తుంది. కాగితం మీద రెండు ఎయిత్ నోట్లు (అర బీట్ నోట్లు) సమానంగా ఉంటాయి, రికార్డులో మొదటిది సాగుతుంది, రెండోది కురచగా పడుతుంది. ఎంత సాగాలో పాటపాటకీ, ఒక్కోసారి బార్‌బార్‌కీ మారుతుంది. అది వినే నేర్చుకోవాలి. నేను రోజూ మెట్రోలో మెట్టుగూడ నుంచి అమీర్‌పేట దాకా ఒకే పాట వింటాను. ఒక్కో రికార్డు మూడు నిమిషాలే కాబట్టి దిగేలోపు నాలుగైదుసార్లు తిరుగుతుంది. ఎడమ చెయ్యి హ్యాండ్‌బ్యాగ్ మీద వాయిస్తూనే ఉంటుంది.

ఇంకో మాట. వేలిముద్రలంత స్పష్టంగా నోట్లు రాశారు గానీ, ఏ నోటుకి ఏ వేలు అన్నది ఎక్కడా ఇవ్వలేదు. వాలర్ ‘హ్యాండ్‌ఫుల్ ఆఫ్ కీస్’, 1929 రికార్డింగ్, తెరిస్తే ఎడమ చేతికి వరసగా పదో నోటు దాకా చాచే జంటలు. అంటే ఎఫ్ నుంచి పై ఆక్టేవ్‌లో ఎ దాకా, దాదాపు 21 సెంటీమీటర్ల దూరం. వాలర్ చేతులు చాలా పెద్దవి. నా జాన తొమ్మిదో నోటు దగ్గరే ఆగిపోతుంది. చిన్న చేతులవాళ్లు ఏం చేయాలో సెట్‌లో ఒక్క వాక్యం కూడా లేదు. నాకు కుదిరిన పద్ధతి చెబుతాను. చిటికెన వేలితో కింది ఎఫ్‌ని బీట్‌కి కాస్త ముందే కొట్టి పెడల్ తొక్కాలి. మణికట్టుని కుడివైపుకి దొర్లించి బొటనవేలితో పై ఎ సరిగ్గా బీట్ మీద వేయాలి. వెంటనే పెడల్ వదిలేయాలి, లేకపోతే తర్వాతి కార్డ్‌తో కలిసి బురదైపోతుంది. చాచి పట్టుకోవాలని మొండికేస్తే ముంజేయి నొప్పి పుడుతుంది, నాకు పది రోజులు పుట్టింది. దయచేసి ఆ పని చేయకండి.

ప్రింట్ విషయానికొస్తే, ఏ4లో తీయిస్తే నోట్లు ఆవాలంత ఉన్నాయి. నారాయణగూడలో జిరాక్స్ షాపు అబ్బాయి ఏ3లో తీసిచ్చాడు, అది బాగుంది. స్పైరల్ బైండింగ్ మాత్రం వద్దు. పేజీ తిప్పడానికి స్ట్రైడ్‌లో ఏ చెయ్యీ ఖాళీగా ఉండదు. నేను ఒక్కో పాట పేజీలని పక్కపక్కన టేపుతో అతికించి, మడతలు విప్పి స్టాండ్ మీద పరుస్తున్నాను.

శ్రుతి కూడా చూసుకోండి. ఆ కాలం డిస్కులు తిరిగే వేగం కచ్చితంగా ఉండేది కాదు, అందుకని రికార్డుతో కలిసి వాయిస్తే కొన్ని పాటలకి మన పియానో కలవదు. డిజిటల్ పియానోలో ట్యూనింగ్ మార్చుకోవచ్చు. యూట్యూబ్‌లో వేగం 0.75కి తగ్గిస్తే శ్రుతి మారదు కాబట్టి సాధనకి అదే వాడుతున్నాను.

నేను ఐదుకి నాలుగు ఇస్తాను. ఏ రికార్డింగో ముందే చెప్పి, వేళ్ల గుర్తులు ఇచ్చి ఉంటే ఐదూ ఇచ్చేదాన్ని. రికార్డులో సరిగా వినబడని చోట ఊహించి రాసిన నోట్లకి ఏదైనా గుర్తు పెట్టినా బాగుండేది. ఒకచోట బేస్ నోటు డి అని రాశారు, నాకు ఎన్నిసార్లు విన్నా బి లాగే వినిపిస్తోంది, నేను బి వాయిస్తున్నాను.

కొత్తగా కొనేవాళ్లు వాలర్‌తో మొదలుపెట్టకండి. విల్లీ ‘ది లయన్’ స్మిత్ 1939లో వాయించిన ‘ఎకోస్ ఆఫ్ స్ప్రింగ్’ ఈ సెట్‌లో ఉంది. అందులో ఎడమ చెయ్యి దూకకుండా అలలా పొర్లుతుంది, వేగం తక్కువ, వింటుంటే మనసు చల్లబడుతుంది. దాని తర్వాత ‘కెరొలైనా షౌట్’ ఎడమ చెయ్యి ఒక్కటే నెల రోజులు వాయించండి, లైటు ఆర్పేసి, కీస్ చూడకుండా. నాకు ఇప్పుడది మొత్తం వస్తోంది, జాన్సన్ వేగంలో ముప్పావు వంతుకి. పిన్నిగారికి ఫోన్‌లో రికార్డు చేసి పంపాను. “రెండో భాగంలో పరిగెడుతున్నావు,” అని జవాబొచ్చింది. నిజమే, మళ్లీ విన్నాను, పరిగెడుతున్నాను. ఈ వారం మెట్రోనోమ్ పెట్టుకుని ఆ పదహారు బార్లే వాయిస్తున్నాను.