పాత జెడ్77 బోర్డు మీద ఇంటెల్ రెయిడ్: బయాస్, డ్రైవరు మార్చి ఏళ్ల తరబడి వాడాక తేలింది

తిరుపతిలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియోల్లో, డీటీపీ షాపుల్లో 2012 నాటి ఇంటెల్ జెడ్77 బోర్డులు ఇప్పటికీ రోజంతా నడుస్తున్నాయి. ఈ సమీక్ష అలాంటి ఒక సిస్టమ్ గురించి. ఐ5 3570 ప్రాసెసరు, 16 జీబీ డీడీఆర్3 ర్యామ్, విండోస్ 10 కోసం విడిగా ఒక ఎస్ఎస్‌డీ, ఫుటేజీ కోసం రెండు 2 టీబీ హార్డ్ డిస్కులు రెయిడ్ 1లో, అంటే రెండింటి మీదా ఒకే డేటా ఉండేలా జతగా. బయాస్ (బోర్డు మొదట నడిపే ప్రోగ్రాము) కొత్తది ఎక్కించి, రెయిడ్‌ని నడిపే ఇంటెల్ రాపిడ్ స్టోరేజ్ డ్రైవరు మార్చి, చాలా ఏళ్లుగా పని తీసుకుంటున్న మెషిన్ ఇది.

నా తీర్పు ముందే చెప్పేస్తాను. అప్‌డేట్ చేయదగ్గదే. కానీ అందరూ భయపడేది బయాస్ ఎక్కుతున్న ఆ నాలుగైదు నిమిషాల గురించి. అసలు గండం దాని తర్వాత మొదటిసారి విండోస్ బూట్ అయ్యేటప్పుడు ఉంటుంది. ఆ ఒక్క బూట్ సరిగా దాటించగలిగితే ఈ పాత బోర్డు రెయిడ్ ఇంకా నమ్మదగ్గదే.

ఎందుకో వివరంగా చెబుతాను. బయాస్ ఫ్లాష్ అవగానే, అంటే కొత్తది ఎక్కగానే, సాధారణంగా సెట్టింగులన్నీ ఫ్యాక్టరీ స్థితికి పోతాయి. సాటా మోడ్ రెయిడ్ నుంచి, డిస్కుల్ని విడివిడిగా చూపే ఏహెచ్‌సీఐకి మారిపోతుంది. అప్పుడు విండోస్ బూట్ డిస్కు అందలేదనే బ్లూ స్క్రీన్ (ఎర్రరు 0x7B) వేసి ఆగిపోతే అదృష్టమే అనుకోవాలి, డిస్కుల జోలికి ఏదీ పోలేదన్నమాట. ఆగకుండా బూట్ అయితేనే చిక్కు. రెయిడ్ 1లో ఉన్న రెండు డిస్కులూ ఒకదానికొకటి నకలు కాబట్టి, ఏహెచ్‌సీఐలో విండోస్‌కి ఒకే సిగ్నేచర్ (డిస్కు గుర్తింపు సంఖ్య) ఉన్న రెండు డిస్కులు కనిపిస్తాయి. ఒకదాన్ని ఆఫ్‌లైన్‌లో పెట్టి రెండోదాని మీద రాయడం మొదలుపెడుతుంది. ఒక్క ఫైలు సేవ్ చేసినా, చెక్‌డిస్క్ నడిచినా రెండు డిస్కులూ ఇక ఒకటి కావు. తర్వాత బయాస్‌లో మళ్లీ రెయిడ్ పెడితే వాల్యూమ్ (రెండు డిస్కుల జత) పక్కన పచ్చగా నార్మల్ అనే చూపిస్తుంది. డిస్కు చివర్లో రాసి ఉండే రెయిడ్ సమాచారం చెక్కుచెదరలేదు కదా, కంట్రోలరుకి తేడా తెలిసే దారే లేదు. అక్కడి నుంచి ఒక రీడ్ ఈ డిస్కు నుంచి, ఇంకొకటి ఆ డిస్కు నుంచి వస్తుంటే ఫైళ్లు పాడవుతాయి. రెండు డిస్కుల్నీ పోల్చే వెరిఫై నడిపినా తేడా ఉందని చెప్పగలదే గానీ, ఏది సరైనదో చెప్పలేదు.

దీనికి పక్కా మందు ఒకటే: ఫ్లాష్ చేసే ముందు కరెంటు తీసి, రెండు రెయిడ్ డిస్కుల సాటా డేటా కేబుళ్లూ పీకేయాలి. రెండూ. ఒకటి పీకి ఒకటి ఉంచితే, రెయిడ్ మోడ్‌లో బూట్ అయిన క్షణం వాల్యూమ్ ఒక డిస్కు తగ్గిన డిగ్రేడెడ్‌లోకి పోతుంది, రీబిల్డ్ (రెండో డిస్కుకి మళ్లీ మొత్తం కాపీ) తప్పదు. రెండూ లేకుండా ఎన్నిసార్లు బూట్ చేసినా డిస్కుల మీది సమాచారం మారదు. పీకే ముందు ఏ కేబులు ఏ పోర్టులోదో చిన్న స్టిక్కరు అంటించి, డిస్కు సీరియల్ నంబరులో చివరి నాలుగు అక్షరాలు దాని మీద రాయండి. బయాస్‌లోని ప్రతి పేజీనీ ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి.

ఫ్లాష్ పని సులువే. బోర్డు మోడలుతో పాటు రివిజన్ నంబరు కూడా చూసి ఫైలు దించుకోవాలి. అది స్లాట్ల పక్కనో మూలనో చిన్న అక్షరాల్లో అచ్చేసి ఉంటుంది. రివిజన్ మారితే బయాస్ ఫైలే వేరు కావచ్చు. ఎఫ్ఏటీ32లో ఫార్మాట్ చేసిన చిన్న పెన్‌డ్రైవు, యూఎస్‌బీ 2.0 పోర్టు వాడండి. ఓవర్‌క్లాకింగ్, ఎక్స్ఎంపీ (ర్యామ్ వేగం పెంచే సెట్టింగు) ఉంటే ముందు తీసేయండి. విండోస్‌లో నడిచే అప్‌డేట్ టూల్ వద్దు, బయాస్‌లోనే ఉండే ఫ్లాష్ టూల్‌తో చేయండి. అయ్యాక సిస్టమ్ దానంతట అదే ఒకటి రెండుసార్లు రీస్టార్ట్ కావచ్చు, స్క్రీన్ నల్లగా ఉందని రీసెట్ నొక్కొద్దు. తర్వాత నేరుగా బయాస్‌లోకి వెళ్లి డిఫాల్ట్స్ లోడ్ చేసి, సాటా మోడ్ రెయిడ్‌కి మార్చి, సీఎస్ఎం (పాత పద్ధతి బూట్‌కి తోడ్పడే) సెట్టింగు ఫొటోలో ఉన్నట్టే పెట్టి సేవ్ చేయాలి. ఈ సీఎస్ఎం దగ్గర చాలామంది తికమక పడతారు. విండోస్ పాత ఎంబీఆర్ పద్ధతిలో ఎక్కించి ఉంటే సీఎస్ఎం లేకుండా బూట్ కాదు. స్టోరేజ్ ఆప్షన్ రామ్ (బయాస్‌లోని రెయిడ్ ప్రోగ్రాము) కొత్త యూఈఎఫ్ఐ పద్ధతిలో ఉంటే బూట్ సమయంలో కంట్రోల్, ఐ నొక్కితే వచ్చే రెయిడ్ స్క్రీన్ అసలు రాదు, రెయిడ్ మెనూ బయాస్ లోపలే అడ్వాన్స్‌డ్ పేజీలో కనిపిస్తుంది. రెయిడ్ పోయిందని కంగారు పడక్కర్లేదు.

విండోస్ సరిగా వచ్చిందని చూసుకున్నాక షట్‌డౌన్ చేసి, రెండు డిస్కులూ ఒకేసారి పాత పోర్టుల్లోనే పెట్టి ఆన్ చేయండి. కంట్రోల్ ఐ స్క్రీన్‌లో పై భాగంలో వాల్యూమ్ పేరు, లెవెల్, స్ట్రిప్, సైజు, స్థితి ఒక వరుసలో ఉంటాయి. కింద ఒక్కో పోర్టుకీ డిస్కు మోడల్, సీరియల్ నంబరు, సైజు ఉంటాయి. నార్మల్ అని పచ్చగా ఉంటే పని అయిపోయింది. పసుపు రంగులో డిగ్రేడెడ్ ఉంటే ఒక డిస్కు బయట ఉంది, ముందు కేబుల్ చూడండి. మెనూలో రీసెట్ డిస్క్స్ టు నాన్ రెయిడ్ అనే వరుస ఉంటుంది. పేరు చూసి డిస్కుని మామూలు స్థితికి తెచ్చే మంచి పని అనుకుంటారు. అది రెయిడ్ సమాచారాన్ని చెరిపేస్తుంది. డేటా కాపీ చేతిలో లేకుండా ఆ వరుస మీద ఎంటర్ నొక్కొద్దు.

ఇక డ్రైవరు. పాత బోర్డుకి అన్నిటికంటే కొత్త డ్రైవరు వేయాలన్న తొందర వద్దు. బయాస్‌లో ఉన్న ఆప్షన్ రామ్ వెర్షన్‌కి దగ్గరి తరం డ్రైవరే నిలకడగా ఉంటుంది. జెడ్77కి 11.2 లేదా 12.9 తరం సరిపోతుంది. ఇంకా పాతవి, 2008 నాటి ఐసీహెచ్10ఆర్ చిప్పు ఉన్న పీ45, ఎక్స్58 బోర్డులైతే 11.2 దగ్గర ఆగండి. డివైస్ మేనేజర్‌లో స్టోరేజ్ కంట్రోలర్ హార్డ్‌వేర్ ఐడీ చూసుకోండి, డెస్క్‌టాప్ ఇంటెల్ రెయిడ్‌కి వెండర్ 8086, డివైస్ 2822 ఉండాలి. డివైస్ నంబరు వేరేది ఉంటే ఆ డ్రైవరు మీది కాదు, లేదా సిస్టమ్ రెయిడ్ మోడ్‌లో లేదు.

విండోస్ 10 తనతో తెచ్చే ఇంటెల్ డ్రైవరుతో కూడా సిస్టమ్ నడుస్తుంది, అదే చాలని వదిలేసేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఆ డ్రైవరుతో ఇంటెల్ రాపిడ్ స్టోరేజ్ యాప్ రాదు. యాప్ లేకపోతే రెయిడ్ 1లో ఒక డిస్కు చచ్చినా తెలియదు. రెండో డిస్కు ఒంటరిగా పనిచేస్తూ ఉంటుంది, అదీ పోయిన రోజు పెళ్లివారికి ఏం చెప్పాలో తోచదు. కాబట్టి డ్రైవరు, యాప్ రెండూ ఉన్న పూర్తి సెటప్పే వేయండి. వేసే ముందు వాల్యూమ్ నార్మల్‌లో ఉండాలి, వెరిఫై ఏదైనా నడుస్తుంటే పూర్తి కానివ్వాలి, రీస్టోర్ పాయింట్ పెట్టాలి. తర్వాత యాప్‌లో హెల్ప్ కింద సిస్టమ్ రిపోర్ట్ తెరిస్తే డ్రైవరు వెర్షన్, ఆప్షన్ రామ్ వెర్షన్ రెండూ కనిపిస్తాయి. విండోస్ అప్‌డేట్ ఎప్పుడైనా డ్రైవరు మార్చేస్తే యాప్ తెరుచుకోక మొరాయిస్తుంది. అలా అయితే డివైస్ మేనేజర్‌లో రోల్ బ్యాక్ చేయండి.

యాప్‌లో తప్పక మార్చాల్సింది లింక్ పవర్ మేనేజ్‌మెంట్. దాన్ని ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే కొన్ని డిస్కులు నిద్రలోంచి లేవడానికి తడబడతాయి, ఎడిటింగ్ మధ్యలో టైమ్‌లైన్ అర నిమిషం బిగుసుకుపోతుంది. ఈవెంట్ వ్యూయర్‌లో 129 నంబరు ఎర్రర్లు, రెయిడ్‌పోర్ట్‌ని రీసెట్ చేశామన్న మెసేజీతో వరుసగా ఉంటే అనుమానం ముందు దీని మీదే పడాలి. పాత తరం డ్రైవరులో ఇదే బాధ 9వ నంబరుతో కనిపిస్తుంది. ఇది ఆపినా ఎర్రర్లు వస్తుంటే క్రిస్టల్‌డిస్క్ఇన్ఫో తెరవండి, ఇంటెల్ రెయిడ్ వెనకున్న డిస్కుల స్మార్ట్ (డిస్కు ఆరోగ్యం) వివరాలు కూడా అది చూపిస్తుంది. సి7 అంటే సీఆర్‌సీ ఎర్రర్ల లెక్క పెరుగుతోందంటే సాధారణంగా డిస్కు తప్పు కాదు, కేబులే వదులై ఉంటుంది. లాక్ క్లిప్పు ఉన్న కొత్త సాటా కేబులు వేయండి. 05, సి5 (పాడైన, అనుమానాస్పద సెక్టర్ల లెక్క) పెరుగుతుంటే మాత్రం డిస్కు మార్చాల్సిందే.

డిస్కు మార్చేటప్పుడు ఎస్ఎంఆర్ రకం (ట్రాకులు ఒకదాని మీదొకటి ఎక్కేలా రాసేది) తీసుకోవద్దు. మామూలు వాడకంలో తేడా తెలియదు, రీబిల్డ్‌లో మాత్రం నత్తనడక నడుస్తుంది, మధ్యలో కంట్రోలరు దాన్ని బయటికి నెట్టేసే ప్రమాదమూ ఉంది. సెకనుకి 150 ఎంబీ వేగం ఉన్న మామూలు డిస్కుకే 2 టీబీ రీబిల్డ్‌కి కనీసం మూడున్నర గంటలు దాటుతుంది, పక్కన పని చేసుకుంటుంటే ఇంకా ఎక్కువ. ముహూర్తాలున్న నెలల్లో అప్‌డేట్ల జోలికి పోవద్దనేది ఇందుకే. మే నెలలో తిరుపతి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, ఏసీ లేని గదిలో రీబిల్డ్ పెడితే డిస్కుల వేడి చూస్తూ ఉండాలి. డిస్కుల ముందు 120 ఎంఎం ఫ్యాన్ ఒకటి తప్పనిసరి. మధ్యలో షట్‌డౌన్ చేసినా మళ్లీ ఆన్ చేశాక రీబిల్డ్ ఆగిన చోటు నుంచే సాగుతుంది, కాబట్టి రాత్రంతా ఒంటరిగా వదిలేయాల్సిన పనిలేదు.

కరెంటు సంగతి మన ఊళ్లో ప్రత్యేకంగా చెప్పాలి. ఎండాకాలం సాయంత్రం గాలివాన లేచిందంటే కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు, ఫ్లాష్ పని ఉదయం పూట పెట్టుకోండి. ఇన్వర్టరు ఉంది కదా అనుకుంటే చాలదు. మామూలు మోడ్‌లో అది మారేలోపే కొన్ని సిస్టమ్‌లు రీస్టార్ట్ అవుతాయి. వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటే అందులో పెట్టండి, లేకపోతే సిస్టమ్‌కి విడిగా యూపీఎస్ కావాలి. దాని బ్యాటరీ పాతదైతే ముందు లోడ్ పెట్టి, ప్లగ్ పీకి పరీక్షించండి. వాడకంలో కూడా యూపీఎస్ విలువ తెలుస్తుంది. కరెంటు హఠాత్తుగా పోయిన ప్రతిసారీ రెయిడ్ 1 వాల్యూమ్‌ని మొదటి నుంచి సరిచూసుకుంటుంది, ఆ గంటలన్నీ సిస్టమ్ ఈడుస్తూ నడుస్తుంది. యూపీఎస్ లేని చోట రైట్ బ్యాక్ క్యాష్ (డేటాని ముందు మెమరీలో ఉంచి తర్వాత డిస్కుకి రాసేది) ఆన్ చేయొద్దు.

దీనికి అనుబంధంగా ఉండే చిన్న వస్తువు బోర్డు మీది సీఆర్2032 సెల్లు. షాపులు రాత్రి మూసేటప్పుడు మెయిన్ ఆపేసి వెళ్తారు, ఆ రాత్రంతా సెట్టింగుల్ని నిలబెట్టేది ఆ సెల్లే. ఏళ్ల తరబడి అలా వాడితే అది అరిగిపోతుంది. ఒక ఉదయం గడియారం తప్పు టైమ్ చూపిస్తుంది, దాంతో పాటే సాటా మోడ్ ఏహెచ్‌సీఐకి పోయి ఉంటుంది. అంటే పైన చెప్పిన గండమే, ఈసారి ఫ్లాష్ లేకుండా. మల్టీమీటరులో 2.8 వోల్టుల కన్నా తగ్గితే మార్చేయండి. మీటరు లేకపోతే ఫ్లాష్ చేసే రోజే కొత్తది వేసేయండి. గడియారం తప్పుగా కనిపించిన రోజు విండోస్‌లోకి పోకుండా ముందు బయాస్‌లోకి వెళ్లి చూడమని షాపులో పనిచేసే అందరికీ చెప్పి ఉంచండి.

అప్‌డేట్ వల్ల వచ్చే లాభాలు కొన్ని బోర్డుని బట్టి ఉంటాయి. ఐసీహెచ్10ఆర్ కాలపు పాత ఆప్షన్ రామ్, డ్రైవర్లతో 3 టీబీ డిస్కు పెడితే 746 జీబీ అని కనిపించడం మామూలే, వాటికి కొత్త తరం ఆప్షన్ రామ్, డ్రైవరు రెండూ కావాలి. 7 సిరీస్ చిప్‌సెట్లలో 11 తరం ఆప్షన్ రామ్, డ్రైవర్ల నుంచి రెయిడ్ 0లో (డేటాని రెండు డిస్కులకీ పంచి రాసే పద్ధతిలో) ఉన్న ఎస్ఎస్‌డీలకి ట్రిమ్ (చెరిపిన చోట్లు ఖాళీ అని ఎస్ఎస్‌డీకి చెప్పే ఆదేశం) అందుతుంది. మీకు ఇలాంటి అవసరమేదీ లేక, వాల్యూమ్ నార్మల్‌గా, ఈవెంట్ లాగ్ శుభ్రంగా ఉంటే బయాస్ ముట్టుకోకండి. డ్రైవరు, యాప్ ఉన్నాయో లేదో మాత్రం చూడండి.

బోర్డే పోతే? డిస్కుల్లో డేటా పోయినట్టు కాదు. రెయిడ్ మోడ్ ఉన్న మరో ఇంటెల్ బోర్డు సాధారణంగా ఈ వాల్యూమ్‌ని గుర్తుపడుతుంది. ఇదే మోడల్ కావాలంటే చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో బెంగళూరు ఎస్పీ రోడ్డులోనో పాతది వెతకొచ్చు. కొనేముందు సీపీయూ సాకెట్ పిన్నులు వంగలేదని టార్చి వేసి చూడండి. బోర్డు దొరికేలోపు ఫుటేజీ కావాలంటే లైనక్స్ లైవ్ పెన్‌డ్రైవు చాలు. అందులోని ఎమ్‌డీ అడ్మిన్ టూల్ ఇంటెల్ రెయిడ్ సమాచారాన్ని నేరుగా చదువుతుంది. రెయిడ్ 1 అయితే ఒక్క డిస్కు పెట్టినా ఫైళ్లు తీసుకోవచ్చు, రీడ్ ఓన్లీగా మౌంట్ చేసి కాపీ కొట్టుకోండి. రెయిడ్ 0కి మాత్రం రెండు డిస్కులూ బాగుండాలి. ఫుటేజీకి రెయిడ్ 0 వాడే స్టూడియోలు రోజు పని అయ్యాక బయటి హార్డ్ డిస్కులోకి కాపీ తీసుకోక తప్పదు. ఆ మాటకొస్తే రెయిడ్ 1లో కూడా పొరపాటున డిలీట్ చేసిన ఫైలు రెండు డిస్కుల నుంచీ ఒకేసారి పోతుంది, కాపీ అక్కడా కావాలి.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, ఈ ప్రాసెసర్లు విండోస్ 11 అధికారిక జాబితాలో లేవు. కాబట్టి ఈ సిస్టమ్‌ని ఎడిటింగ్‌కి, స్టోరేజీకి ఉంచుకుని, బ్యాంకు పనులు, దర్శనం టికెట్ల బుకింగు, మెయిల్ వేరే మెషిన్ మీద చేసుకోవడం మేలు.